సన్నగా ఉన్న గర్భిణికీ షుగర్ పరీక్ష చేయాలి

సంపాదకులకు,

"సన్నగానే ఉన్నావు కదమ్మా, నీకు షుగర్ ఎందుకొస్తుంది?" ఆరో నెలలో మా చెల్లెలికి నగరంలోని ఒక క్లినిక్‌లో చెప్పిన మాట ఇది. బరువు మిషన్ మీద అంకె చూసి, పరీక్ష రాయకుండానే పంపేశారు. ఇంట్లో అందరం పట్టుబట్టి వేరేచోట చేయిస్తే షుగర్ గర్భిణులకు హద్దుగా చెప్పే 140 దాటింది.

బరువు కొలత అన్ని జాతులకూ ఒకటి కాదు. మనవాళ్లకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, ఇన్సులిన్ పనితీరు దెబ్బతింటుంది. అందుకే ఆసియా వాసులకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతో చెప్పే అంకె) 23 నుంచే జాగ్రత్త అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే చెప్పారు. బ్రిటన్‌లో బీఎంఐ 30 దాటితేనే కాదు, మధుమేహం ఎక్కువగా ఉండే జాతికి చెందినా గర్భిణికి ఈ పరీక్ష చేస్తారు.

మన కేంద్ర మార్గదర్శకాలైతే బరువు ఊసే లేకుండా ప్రతి గర్భిణికీ చేయమంటున్నాయి: మొదటిసారి ఆస్పత్రికి వచ్చినప్పుడు, మళ్లీ 24-28 వారాల మధ్య. పరగడుపున రానక్కర్లేదు. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగి, రెండు గంటలు కూర్చుంటే చాలు. భీమిలి, ఆనందపురం నుంచి బస్సెక్కి వచ్చే ఆడవాళ్లకు ఇదెంత వెసులుబాటో!

ప్రైవేటు క్లినిక్‌లలోనూ ఇది తప్పనిసరిగా జరిగేలా జిల్లా వైద్యాధికారులు చూడాలి. షుగర్ తేలినవారికి కాన్పైన ఆరు వారాలకు మళ్లీ పరీక్ష ఉందని డిశ్చార్జి కాగితం మీదే రాసివ్వాలి.

– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం