మా ఉపదేశులకు కూడా క్రైస్తవ వేదాంతం నేర్పించండి: బిషప్ అయ్యగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన బిషప్ అయ్యగారికి, వందనాలు.

మా పాస్టరేట్‌లో, అంటే ఒకే పాస్టర్ కింద ఉన్న సంఘాల్లో, ఎనిమిది ఊళ్లకు ఒక్కరే అయ్యగారు. ప్రభువు బల్ల సంస్కారం ఇవ్వడానికి ఆయన మా ఊరు వచ్చేసరికి రెండు నెలలు పడుతుంది, మిగతా ఆదివారాలు ప్రసంగం, సండే స్కూలు, చావు ఇంట్లో ప్రార్థన అన్నీ మా ఉపదేశి (పాస్టర్ లేనప్పుడు సంఘాన్ని నడిపే ఊరి బోధకుడు), స్త్రీల మైత్రి (చర్చి మహిళా సంఘం) అక్కలే చూసుకుంటున్నారు. మొన్న ఒక పిల్లాడు అడిగాడు, ఇస్సాకును బలి ఇమ్మని దేవుడు ఎందుకు అన్నాడు అని. అక్క బైబిల్లో ఆ వరుస మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. చివరికి "అయ్యగారు వచ్చాక అడుగుదాం నాన్నా" అంది.

ఆమెకు తెలివి లేక కాదండీ, నేర్పినవాళ్లు లేక.

1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేతిని వాళ్ల తల మీదే పెట్టించి, "సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని వాళ్ల చేతే చెప్పించేవారు. కూలి పని చేసుకునే, చదువు రాని మనుషుల చేత! అలాంటి చోట పుట్టిన సంఘాలు మనవి. ఇవాళ వేదాంత విద్య అంటే హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదివే కుర్రాళ్లదే అన్నట్టు అయిపోయింది.

వేదాంత డిగ్రీలు ఇచ్చే సేరంపూర్ సెనేట్‌కు ఇంటి దగ్గరే ఉండి చదువుకునే బి.సి.ఎస్. (బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్) కోర్సు ఉంది. ఏటా పాస్టరేట్‌కు ఇద్దరి ఫీజు మీ డయాసిస్ (బిషప్ పరిధిలోని సంఘాల వ్యవస్థ) కట్టాలి, అందులో ఒకరు తప్పకుండా స్త్రీ అయి ఉండాలి. అంత చదవలేనివాళ్లకు నెలకు రెండు శనివారాలు సాయంత్రం, పొలం పనులు అయ్యాక, తెలుగులో క్లాసులు పెట్టించండి. గది మా చర్చిలోనే ఉంది, చాపలు మేం తెచ్చుకుంటాం.

మీ సంఘ సభ్యుడు