చిరంజీవి వాసంతికి

గిద్దలూరు,
ఆగస్టు 3.

చిరంజీవి వాసంతికి, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరమూ క్షేమం. వానలు సకాలంలో పడ్డాయి. అమ్మ మోకాలి నొప్పి కొంత తగ్గింది. పన్నెండు రోజులుగా నీ దగ్గర నుండి ఫోను రానందుకు ఈ ఉత్తరం రాస్తున్నానని అనుకోవద్దు. అయితే మొన్న మస్తానయ్య కొడుకు వచ్చి, పురుగుల లెక్కింపుకు వెళ్ళిన మీరు నల్లమలలో తెల్లగుడ్డ కట్టి, దీపం పెట్టుకొని రాత్రి రెండు గంటల వరకు కూర్చుంటున్నారనీ, నీ మెడ మీద కాలినట్టుగా ఎర్రని చార ఉందనీ చెప్పినప్పటి నుండి మీ అమ్మకు అన్నం సహించడం లేదు.

అది యాసిడ్ ఫ్లై వల్ల వచ్చిందేమో చూసుకో. ఎర్రని, నల్లని పట్టీలతో చీమలా సన్నగా ఉండే ఆ పురుగు దీపానికి వస్తుంది. అది కుట్టదు, కాని ఒంటి మీద నలిపితే దాని రసానికి చర్మం పొక్కుతుంది. వాలితే కొట్టకుండా ఊదివేసి, ఆ చోటును సబ్బుతో కడుక్కోవాలి. ఆ చేత్తో కళ్ళు నులుముకోవద్దు.

నీ ఆరో ఏట ఆరుద్ర కార్తెలో, వాన వెలిసిన ఉదయాన, పెద్దన్న చేను గట్టు మీద ఎర్రని ముఖమలు ముక్కల్లా పాకుతున్న ఆరుద్ర పురుగులను అగ్గిపెట్టెలో వేసుకొని వచ్చావు. పురుగులకు ఆరు కాళ్ళని నేను పాఠం మొదలుపెట్టగా, నువ్వు ఒకదాన్ని అరచేతిలో వేసుకొని, తాకగానే ముడుచుకున్న కాళ్ళను అది మళ్ళీ విప్పేవరకు కదలకుండా కూర్చొని, ఎనిమిది అని లెక్క చెప్పావు. నేను ఒప్పుకోక భూతద్దం తెచ్చి చూశాను. ఎనిమిదే. అది సాలీళ్ళ, తేళ్ళ వర్గానికి చెందినదని ఆ తరువాత పుస్తకంలో చదివాను. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నేను, ఏటా చేలో చూసే ప్రాణి కాళ్ళను ఒక్కనాడూ లెక్కపెట్టలేదు.

కాబట్టి ఈ పని మానుకోమని చెప్పను. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త గుత్తిలో దొరికిన నీలి సాలీడుకు పేరు పెట్టగా, అది మళ్ళీ 2001లో, మన నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలోనే కనిపించింది. ఎవరో ఒకరు ఓపికగా చెట్టు తొర్రలు వెతకకపోతే అదెక్కడున్నదో తెలిసేదే కాదు. నీకు అది కనిపిస్తే తేదీ, చోటు వెంటనే పుస్తకంలో రాసుకో, కాని ఆ తొర్ర ఆనవాలు ఊళ్ళో ఎవరికీ చెప్పవద్దు. దాన్ని పెంపకానికి పట్టి అమ్మేవాళ్ళున్నారు.

నువ్వులుండలు, రెండు జతల మందపాటి మేజోళ్ళు మస్తానయ్య కొడుకు చేత పంపుతున్నాను. తేళ్ళు, జెర్రులు దూరే కాలం, బూట్లు దులిపి వేసుకో. డబ్బా అందగానే, పురుగులను తీసేటంత దగ్గరగా నీ మెడను ఫొటో తీసి అమ్మకు పంపు.

నీ నాన్న