అండమాన్ ఓడ తేదీలు జిల్లా పేజీలో వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది సోంపేట. మా ఉద్దానం నుంచి అండమాన్ వెళ్ళి స్థిరపడ్డోళ్ళు చాలామందే ఉన్నారు, అయినా సరదాగా చూసొద్దామని అడిగితే ఏజెంట్లు చెప్పేది ఒకటే ప్యాకేజీ, సెల్యులార్ జైలు, హేవ్‌లాక్, బోటు షికారు, మళ్ళీ ఫ్లైటు. జనం పెద్దగా లేని దీవి, అడవి, తాబేళ్ళు చూద్దామనుకునేవాళ్ళకి దారి చెప్పేవాళ్ళే లేరు.

మేం ఇంటిల్లిపాదీ ఉత్తరాన డిగ్లీపూర్ వైపు వెళ్దామనుకుంటున్నాం. అక్కడ కాలీపూర్ ఒడ్డుకి డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆలివ్ రిడ్లే, పచ్చ తాబేలు, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్, నాలుగు రకాల సముద్ర తాబేళ్ళూ గుడ్లు పెట్టడానికి వస్తాయి. మన బారువ ఒడ్డుకొచ్చేవి ఆలివ్ రిడ్లేలే కదా, మా పిల్లలకి అవి తెలుసు. తల్లి రాత్రిపూట మెల్లగా పైకి పాకి, వెనక రెక్కలతో ఇసక తవ్వి, గుడ్లు పెట్టి, మళ్ళీ కప్పేసి పోతుంది, తవ్వకముందు ఎవరైనా టార్చి వేస్తే బెదిరి పెట్టకుండానే సముద్రంలోకి వెళ్ళిపోతుంది. కాబట్టి సెల్‌ఫోన్ లైట్లు ఆపుకుని దూరంగా కూర్చోగలిగితేనే వెళ్ళాలి. ఆ దగ్గర్లోనే రాస్, స్మిత్ దీవులున్నాయి, మధ్య ఇసక దారి పోటుకి మునిగిపోతుంది, పోటూపాటూ చూసుకునే బోటు మాట్లాడుకోవాలి.

ఇంకోటి, రోడ్డున వెళ్తే జరావా అనే అక్కడి ఆదివాసుల అడవి మీదుగా కాన్వాయ్‌లో పోవాలి, ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, తిండి ఇవ్వకూడదు. వాళ్ళని చూడ్డానికే వెళ్తున్నాం అని మనవాళ్ళే అంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది, వాళ్ళూ మనుషులే కదండీ. ఒడ్డున దొరికిన చచ్చిన పగడం ముక్క కూడా తేవద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది.

అసలు ఇబ్బంది ఓడతోనే. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి, అదే 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చిన ఊరికి, నెలకొకటి అన్నట్టు నడుస్తుంది, రెండున్నర మూడు రోజుల ప్రయాణం. తేదీ మా చెవిన పడేసరికి లీవు దొరకదు, టికెట్టూ ఉండదు. ఫ్లైటు ఖర్చు కుటుంబం మొత్తానికి మావల్ల కాదు. మీరు ఆ తేదీలు తెలియగానే శ్రీకాకుళం పేజీలో ఓ మూల వేయండి, పక్కనే తాబేళ్ళ దగ్గర ఎలా ఉండాలో నాలుగు లైన్లు వేసినా చాలు. డిసెంబర్ ఓడ కబురు కాస్త ముందుగా అందితే మేం ఈ సీజన్‌కే బయల్దేరతాం.

ఇట్లు,
మీ పాఠకుడు, సోంపేట