తప్పిన పిల్లల జాబితా ఎవరి దగ్గర ఉంది?

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చాక తప్పిన పిల్లల గురించి ఒక వారం అందరూ మాట్లాడతారు. అధైర్యపడవద్దని మంత్రులు చెబుతారు, సప్లిమెంటరీ ఫీజు గడువు పత్రికల్లో వస్తుంది. ఆ గడువులోగా ఫీజు కట్టనివారు తరువాత ఏమయ్యారని ఆరా తీయడం మన జిల్లాలో ఎవరి పని? చిత్తూరులో మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను కాబట్టి వాళ్లలో కొందరి సంగతి నాకు తెలుసు. పని అడుగుతూ మా వీధికే వస్తారు.

పద్దెనిమిది నిండనివారిని నేను పెట్టుకోను. కరెంటుతో పని, చిన్నపిల్లలతో చేయించేది కాదు. అలా వెనక్కి పంపినవారు కాలేజీకి పోరు. పెళ్లిళ్లలో వడ్డనకు పోతారు, లేదంటే బెంగళూరు బస్సెక్కుతారు. సప్లిమెంటరీ పరీక్షలు మే నెలలో పెడతారు. కేటరింగ్ వాళ్లు కుర్రాళ్ల కోసం వెతికేదీ ఆ నెలలోనే. పెళ్లిళ్లు తగ్గేసరికి తోతాపురి కోతలు మొదలవుతాయి. మండీల్లో, గుజ్జు ఫ్యాక్టరీల్లో రాత్రీ పగలూ మనుషులు కావాలి. మామిడి సీజన్ ముగిసేనాటికి కాలేజీలో పాఠాలు చాలా దూరం పోయి ఉంటాయి, ఇటు చేతిలో నాలుగు డబ్బులు ఆడటం అలవాటై ఉంటుంది. తిరుపతి వైపు శేషాచలం అంచు ఊళ్లలోనైతే ఎర్రచందనం దొంగలు తమ బండి ముందు దారి చూస్తూ పోయే ‘పైలట్’ పనికి ఇలాంటి కుర్రాళ్లకే గాలం వేస్తారు. పిల్లలకు ఒళ్లు వంగదని తేల్చేసే పెద్దమనుషులు ఒక్క రాత్రి గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర మామిడికాయల లారీ దింపి చూస్తే బాగుంటుంది.

నా దగ్గర పనిచేసే ఒక అబ్బాయి ఇంటర్ లెక్కల్లో తప్పాడు. రైతులు కాలిపోయిన బోరు మోటారు తెస్తే, పాత తీగ విప్పుతూనే ఒక్కో గాడిలో ఎన్ని చుట్లున్నాయో, తీగ ఏ గేజో నోటుపుస్తకంలో రాసుకుంటాడు. వోల్టేజీ తక్కువగా వచ్చే ఊరి మోటారైతే చుట్లు ఎన్ని తగ్గించాలో, తీగ ఎంత లావు పెంచాలో నోటిలెక్కతోనే చెబుతాడు. ఐటీఐలో చేరతావా అంటే వెంటనే ఒప్పుకున్నాడు. అతను చదివిన ప్రైవేటు కాలేజీ, ఫీజు బాకీ తీరిస్తేనే టీసీ, పదో తరగతి మార్కుల జాబితా ఇస్తానంది. దరఖాస్తు చూస్తే అంతా ఆన్‌లైన్. నమోదైన ఫోను నంబరు వాళ్ల నాన్నది, అది ఎప్పుడో ఆగిపోయింది, ఓటీపీ రాదు. ఇంటిపేరు ఆధార్‌లో ఒక రకంగా, మార్కుల జాబితాలో మరో రకంగా ఉంది. ఏది సరిచేయించాలన్నా ఒక రోజు కూలి వదులుకోవాలి. ఇవన్నీ తెమిలేలోగా ప్రవేశాల గడువు కాస్తా అయిపోయింది. రేపు ఏ సర్వేలోనో ఇతని పేరు ఎదురుగా ‘చదువుపై ఆసక్తి లేదు’ అని రాస్తారు.

దారులు లేక కాదు. సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) ద్వారా పద్నాలుగేళ్లు నిండిన ఎవరైనా పదో తరగతి రాయవచ్చు, పై వయసుకు హద్దు లేదు. పది పాసైనవారికి ఇంటర్ కూడా ఉంది. వెల్డర్, ప్లంబర్ వంటి ఐటీఐ ట్రేడులకు ఎనిమిదో తరగతి చాలు, ఏడాదిలో పూర్తవుతాయి. కస్తూర్బా బాలికా విద్యాలయాలు 2004లో మొదలైందే బడికి దూరమైన ఆడపిల్లల కోసం. (పెళ్లై చంటిబిడ్డతో ఉన్న పద్దెనిమిదేళ్ల అమ్మాయి సంగతి వేరు. ఆమెను గృహిణి అని రాసుకుని పోతారు, అంతటితో సరి.) ఈ దారులు తెలిసి, పోదామని బయల్దేరి, దరఖాస్తుకూ సీటుకూ మధ్య ఆగిపోయినవారే నాకు ఎక్కువగా కనిపిస్తారు.

2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వారి కోసమే. ఆ వయసు దాటినవారు చదువు మానేస్తే సంజాయిషీ ఇచ్చుకోవలసిన అధికారి ఎవరూ లేరు. ఐరోపా సమాఖ్య దేశాలు 2013లో ఒక గడువు పెట్టుకున్నాయి. చదువు ఆగిన, ఉద్యోగం పోయిన 25 ఏళ్లలోపు వారికి నాలుగు నెలల్లో ఉద్యోగమో, చదువో, అప్రెంటిస్ శిక్షణో చూపాలని. 2020లో ఆ వయసును 30కి పెంచాయి. అన్ని దేశాలూ ఆ మాట నిలబెట్టుకున్నాయని నేను అనను. కాని గడువంటూ ఉంటే, అది దాటినప్పుడు నిలదీయవచ్చు. మనకు ఆ మాత్రం కూడా లేదు.

దీనికి కొత్త శాఖ అక్కర్లేదు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు గ్రామాలకు సంక్షేమ, విద్యా సహాయకుల పోస్టులు, వార్డులకు విద్య, డేటా ప్రాసెసింగ్ కార్యదర్శుల పోస్టులు సృష్టించారు. పది, ఇంటర్ తప్పినవారి పేర్లు, మధ్యలో హాజరు ఆగిపోయినవారి పేర్లు ఫలితాలు వచ్చిన నెలలోగా ఈ ఉద్యోగుల చేతికి అందాలి. ఇంటికి వెళ్లి మాట్లాడటం, ఆధార్ సరిచేయించడం, దరఖాస్తు పెట్టించడం, చేరాక మూడు నెలల పాటు తరగతికి పోతున్నారో లేదో చూడటం వారి విధిగా రాసి ఉండాలి. సర్టిఫికెట్లు బిగబట్టే కాలేజీల పని మాత్రం కలెక్టర్లే పట్టాలి. వాటి ముందు సచివాలయ ఉద్యోగి మాట చెల్లదు.

మాబోటి షాపుల సంగతీ చెప్పాలి. 2016లో వచ్చిన పథకం కింద అప్రెంటిస్ స్టైపెండులో పాతిక శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. అయితే కనీసం నలుగురు పనివారు లేని చోట అప్రెంటిస్‌ను పెట్టుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. నా షాపులో ముగ్గురు. మా వీధిలో చాలా షాపులు ఇంతే. మెకానిక్కులు, వెల్డర్లు, వైండర్లు ఎక్కువగా తయారయ్యేది ఇలాంటి చోట్లే అయినా, ఇక్కడ నేర్చిన విద్య ఏ కాగితం మీదా ఎక్కదు. నాలుగైదు షాపులను కలిపి ఒక్క సంస్థగా లెక్కిస్తే చిక్కు తీరుతుంది.

ఐటీఐలకు సాయంత్రమైతే తాళం పడుతుంది. ఆరు నుంచి తొమ్మిది వరకు ఒక షిఫ్టు తెరిస్తే పగలు కూలి పోగొట్టుకోకుండా చదువుకునేవారు ఉన్నారు. అలా తెరిస్తే మా ముగ్గురినీ ఐదున్నరకే వదిలిపెడతాను, కూలి కోయను. వీధిలోని మిగతా యజమానులను ఒప్పించే పని కూడా నాకు వదిలేయండి.

— మోటార్ వైండింగ్ షాపు యజమాని, చిత్తూరు