సునార్ట్ తీరాన నీటికుక్కలు, సీళ్ళు: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, దీపావళి వేడుకలు ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు అందరూ చూసే ఉంటారు, మళ్ళీ వర్ణించను. ఈసారి ఎక్కువ చోటు స్కాట్లాండ్ పశ్చిమ తీరంలోని లాక్ సునార్ట్ ప్రయాణాలకే.

గ్లాస్గో నుంచి ఉత్తరంగా వెళ్ళి, కొర్రాన్ దగ్గర ఫెర్రీ దాటి కొంతదూరం పోతే స్ట్రాన్షియన్ వస్తుంది. స్ట్రాన్షియం మూలకానికి పేరిచ్చిన ఊరు ఇదే. అక్కణ్ణుంచి సాలెన్ వైపు రోడ్డు నీటి ఒడ్డునే సాగుతుంది. పేరులో ‘లాక్’ ఉన్నా సునార్ట్ సరస్సు కాదు. సముద్రమే కొండల మధ్యకి దాదాపు 30 కిలోమీటర్లు చొచ్చుకొచ్చింది. దారిలో గార్వ్ ఎలన్ ద్వీపానికి ఎదురుగా ఒక చెక్క గుడిసె ఉంది. లోపల కూర్చుని కిటికీల్లోంచి చూడొచ్చు. వానకీ, మనవాళ్ళ కబుర్లకీ అదే అడ్డు.

ఆటు సమయంలో రాళ్ళు బయటపడగానే సీళ్ళు వాటి మీదకి చేరతాయి. తలా తోకా పైకెత్తి అరటిపండులా వంగి పడుకుంటాయి. వీటిలో కామన్ సీల్ జాతి పిల్లలు జూన్, జూలైల్లో పుడతాయి, పుట్టిన కొద్ది గంటలకే ఈదుతాయి. ప్రభుత్వం గుర్తించిన విశ్రాంతి స్థలాల్లో సీళ్ళను బెదరగొట్టడం స్కాట్లాండ్‌లో నేరమని ప్రతిసారీ బస్సులోనే చెబుతున్నాం.

నీటికుక్క (ఆటర్) కంటబడటం కష్టం. ఇవి కోరింగ మడ అడవుల్లో ఉండే జాతి కాదు, యూరేషియా జాతి. సముద్రంలో వేటాడినా ఒంటి మీది ఉప్పు వదిలించుకోడానికి మంచినీళ్ళు కావాలి, లేకపోతే బొచ్చు చలిని ఆపదు. అందుకే వాగు సముద్రంలో కలిసే చోట చూడాలి. నీరు తీసినప్పుడు అడుగు దగ్గరవుతుంది, వేట సులువవుతుంది. అది మునిగినప్పుడు మనం నాలుగడుగులు ముందుకి, తేలగానే రాయిలా నిలబడటం. గాలి మన వైపు నుంచి వీస్తుంటే ఎంత నక్కినా లాభం లేదు, వాసన పట్టేస్తుంది.

ఇందులో అందరికన్నా ఓపిక చూపింది వేసవికి పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలే. ఫోన్ తీయకుండా గంటల తరబడి నీళ్ళకేసి చూశారు. మిడ్జ్ దోమలు మాత్రం ఎవరినీ వదల్లేదు; పులిహోర కారు అద్దాలు బిగించుకుని తినాల్సొచ్చింది.

శనివారం కుదిరింది కదా అని తేదీ పెట్టుకుంటే ఒక్కోసారి నిండు పోటులో దిగుతాం. రాయి కనబడదు, సీల్ కనబడదు. కాబట్టి వచ్చే ఏడు తేదీలు ఆటుపోట్ల పట్టిక చూసే ఖాయం చేయాలనీ, పెద్ద బస్సు బదులు చిన్న జట్లుగా వెళ్ళాలనీ కమిటీ నిర్ణయించింది. పిక్నిక్ నిధిలో మిగిలిన డబ్బుతో బైనాక్యులర్లు కొన్నాం, కావలసినవాళ్ళు అడిగి తీసుకెళ్ళొచ్చు. లెక్కలు సర్వసభ్య సమావేశంలో పెడతాం. జట్లలో చేరదలచినవారు ఆలోపు కార్యదర్శికి పేర్లివ్వండి. కుక్కలను తెచ్చేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పండి.