ఆ పంపు ఏ లైను మీద ఉందో చూశావా?

కన్నా,

ఆపద వస్తే మీ ఆఫీసు ఎలా నడవాలో రాసి నువ్వు పంపిన ప్లాన్ 62 పేజీలూ చదివాను. కష్టపడ్డావు, కనబడుతూనే ఉంది. కానీ అంతా చదివాక కూడా నాకు ఒక్క సంగతి అంతుపట్టలేదు. అర్ధరాత్రి ఏదైనా జరిగితే మొదటి ఫోన్ ఎవరికి వెళ్తుంది? ఆ మనిషి పైవాళ్లని అడక్కుండా ఎంత ఖర్చు పెట్టొచ్చు?

వరద, అగ్నిప్రమాదం, సైబర్ దాడి, మహమ్మారి అంటూ 12 సినారియోలు రాసి, ఒక్కోదానికీ జరిగే అవకాశం ఇంత శాతం అని వేశావు. ఆ అంకెలు ఎక్కడివిరా? సినారియో అంటే జోస్యం కాదు, ఇలా జరిగితే ఏం చేస్తామని ముందే ఊహించుకునే కథ. 1970ల మొదట్లో షెల్ చమురు కంపెనీలో పియెర్ వాక్ అనే ఆయన బృందం, ఎగుమతి దేశాలు చమురు సరఫరా బిగిస్తే మన గతేమిటని కథల్లా రాసి పైవాళ్ల ముందు పెట్టింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు నిజంగానే చమురు ఆపాయి. ఆ తేదీ వాక్‌కి ముందే తెలుసా అంటే తెలియదు. ఆయన పట్టుదలంతా వేరే దాని మీద: రాసింది మేనేజర్ల బుర్రలోకి ఎక్కిందా, రేపటి గురించి వాళ్ల ఆలోచన మారిందా అని.

మరో ఉదాహరణ చెప్తాను, ఇది నీ సప్లయర్ల పేజీకి బాగా పనికొస్తుంది. 2000 మార్చి 17న అమెరికాలోని ఆల్బుకర్కీలో పిడుగు వల్ల ఫిలిప్స్ చిప్ ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. పది నిమిషాల్లో ఆర్పేశారు. కానీ చిప్‌లు చేసే గదుల్లో దుమ్ము రేణువు కూడా ఉండకూడదు, అక్కడ పొగా నీళ్లూ చేరాయి. కొనేవాళ్లకి మాత్రం వారం ఆలస్యమవుతుందని కబురు వెళ్లింది. సెల్‌ఫోన్లు చేసే నోకియా వాళ్లు ఆ మాట విని ఊరుకోలేదు. ఆ చిప్‌లని రోజూ ఆరా తీసే జాబితాలో పెట్టారు, సంగతి పెద్దదని తేలగానే వేరే చోట్ల చిప్‌ల కోసం పరిగెత్తారు. అవే చిప్‌లు కొనే మరో ఫోన్ల కంపెనీ ఎరిక్సన్ వాళ్లు చిన్న విషయమే కదా అనుకున్నారు. తేరుకునేసరికి వాళ్లకి ఇంకో సప్లయర్ లేడు. దాదాపు 40 కోట్ల డాలర్ల అమ్మకాలు పోయాయి. ఇద్దరికీ అందిన కబురు ఒక్కటే. చిన్న కబురు ఎప్పుడు పెద్దదవుతుందో ముందే అనుకుని ఉంచుకోవడంలోనే వచ్చింది తేడా అంతా. నీ ప్లాన్‌లో ప్రతి సినారియోకీ ముగింపు ఉంది, మొదటి గుర్తు ఒక్కదానికీ లేదు.

ఇప్పుడు నా పరువు తీసే కథ. నేను షిఫ్ట్ ఇన్‌చార్జిగా ఉన్న రోజుల్లో కరెంటు పోయే సినారియో అద్భుతంగా రాశాను. ప్రతి నెలా జనరేటర్ పది నిమిషాలు తిప్పి, రిజిస్టర్‌లో సంతకం పెట్టేదాన్ని. ఒకరోజు నిజంగానే కరెంటు పోయింది. జనరేటర్ టక్కున అందుకుంది, అందరం నవ్వుకున్నాం. నలభై నిమిషాలకి గురక పెట్టినట్టు రెండు చప్పుళ్లు చేసి ఆగిపోయింది. పెద్ద ట్యాంకు నిండా డీజిల్ ఉంది. దాన్ని పైనున్న చిన్న ట్యాంకులోకి ఎక్కించే పంపు మాత్రం జనరేటర్ మీద కాకుండా, బయటి కరెంటు వచ్చే మెయిన్ లైను మీద ఉంది! టార్చి వెలుగులో ఆ పంపు వైరు వెంబడి చేత్తో తడుముకుంటూ గోడ దాకా వెళ్లాను. ఆ వైరు ఎటు పోతోందో అంతకుముందు ఒక్కసారీ చూడలేదు. పది నిమిషాల పరీక్షలో నలభయ్యో నిమిషం ఎలా బయటపడుతుంది చెప్పు!

నీ బ్యాకప్ పేజీ చదువుతుంటే ఆ పంపే గుర్తొచ్చింది. 2017 జూన్‌లో మేర్స్క్ అనే ఓడల కంపెనీని నాట్‌పెట్యా వైరస్ కొట్టింది. లాగిన్‌లు చూసే సర్వర్లు ఒకదానికొకటి బ్యాకప్‌గా ఉండేవి. ఒకటి పోతే మిగతావి ఉన్నాయని ధైర్యం. అన్నీ ఒకేసారి పోయాయి. ఘనాలో ఒక్కటి మాత్రం బతికింది, అదీ ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి నెట్‌వర్క్‌లో లేదు కాబట్టి. దాన్ని పట్టుకునే మళ్లీ లేచారు. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లు. నువ్వు రాసిన రెండు బ్యాకప్‌లూ ఒకే నెట్‌వర్క్ మీద, ఒకే పాస్‌వర్డ్‌తో ఉన్నాయి. లెక్కకి రెండే గానీ, నిజానికి అది ఒక్కటే.

పన్నెండూ పక్కన పెట్టు. మూడు చాలు. వాటికీ వరద, మంట అని కారణాల పేర్లు వద్దు. మనుషులు రాలేరు, సిస్టమ్‌లు లేవవు, సరుకు రాదు, అంతే. కారణం ఏదైనా చేతిలో ఉండనిది ఏమిటన్నదే కదా లెక్క. ఒక్కోదానికి మొదటి గుర్తు ఏమిటి, అది కనబడగానే ఎవరు ఏం చేయాలి, ఎన్ని గంటల్లోగా లేవాలి... ఒక్కో పేజీలో రాయి. ఆ కాగితాలు ప్రింట్ తీసి పెట్టు; సర్వర్ పడిపోయినప్పుడు చదవాల్సింది సర్వర్‌లో పెట్టుకుంటారా ఎవరైనా? తర్వాత చెప్పాపెట్టకుండా ఒక డ్రిల్ పెట్టి, ఆ రోజు నువ్వు ఫోన్ ఎత్తకు. అన్నీ తెలిసినవాడు అందుబాటులో లేకపోవడం కూడా ఒక సినారియోనే, అది నీ 62 పేజీల్లో ఎక్కడా లేదు. మీ బాస్‌కి కోపం వస్తే నా పేరు చెప్పు.

నాన్న ఈ ఉత్తరం చూసి, పిల్లాణ్ని మెచ్చుకోవడం మానేసి పరీక్ష పేపర్ దిద్దుతున్నావేమిటే అంటున్నారు. మెచ్చుకున్నాను కదా, మొదట్లోనే.

ఆదివారం ఫోన్ చెయ్యి. ఈలోగా మీ ఆఫీసు జనరేటర్ దగ్గరికి వెళ్లి, పంపు వైరు ఎటు పోతోందో కళ్లారా చూసి చెయ్యి.

అమ్మ