ఎనిమిదో తరగతి అదనపు పఠనం: సిడ్నీ పట్టణంలో మేరీ రీబీ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

ఈ నెల ఎనిమిదో తరగతి విద్యార్థులు సాంఘికశాస్త్రంలో వలస పాలన పాఠాలతో పాటు మేరీ రీబీ అనే మహిళ జీవితాన్ని చదువుతున్నారు. గుర్రం దొంగతనం కేసులో శిక్ష పడిన అమ్మాయి గురించి బడిలో చదివించడం ఎందుకని కొందరు తల్లిదండ్రులు అడిగారు. ఆ ప్రశ్న సబబైనదే కాబట్టి ఈసారి వార్తాలేఖలో దానికే జవాబు రాస్తున్నాను.

1777లో ఇంగ్లండులోని లాంకషైర్‌లో, బరీ అనే ఊళ్లో పుట్టిన ఈమె అసలు పేరు మోలీ హేడాక్. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుంది. ఒక ఇంట్లో పనికి కుదిర్చితే అక్కడి నుంచి పారిపోయి, మగపిల్లవాడి వేషంలో జేమ్స్ బరో అనే పేరుతో తిరుగుతూ గుర్రంతో పట్టుబడింది. న్యాయస్థానం ఏడేళ్ల ద్వీపాంతరవాసం విధించింది. అండమాన్ గురించి మన పిల్లలకు తెలుసు కనుక ఆ శిక్ష ఎలాంటిదో విడిగా వివరించవలసిన అవసరం రాలేదు. 1792 అక్టోబరులో రాయల్ అడ్మిరల్ ఓడలో ఆమె సిడ్నీ చేరేటప్పటికి ఆమె వయసు 15 ఏళ్లు, ఆ వలస పట్టణం వయసు నాలుగేళ్లు. అక్కడి ఆదివాసులైన గడిగల్ ప్రజల నేల మీద, వారి అనుమతి లేకుండా 1788లో వెలసిన పట్టణం అది. ఆమె నిలదొక్కుకున్న చోటు మరొకరు కోల్పోయిన చోటేనన్న సంగతిని మా ఉపాధ్యాయులు పాఠం మొదట్లోనే చెప్పారు.

ఓడ చేరిన రోజుల్లో ఆమె పిన్నమ్మ వరసైన బంధువుకు రాసిన ఉత్తరం సిడ్నీలోని రాష్ట్ర గ్రంథాలయంలో నేటికీ భద్రంగా ఉంది. ఈ కష్టస్థితిలోనే వీలైనంత సంతోషంగా ఉండడానికి ప్రయత్నిస్తాననీ, అవకాశం దొరికితే రెండు మూడేళ్లలో తిరిగి వస్తాననీ అందులో రాసింది. అక్షరదోషాలు నిండిన ఆ ఉత్తరమే మా పిల్లలను ఎక్కువగా ఆకట్టుకుంది.

ఆమె తిరిగి వెళ్లలేదు. 1794లో, ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేసి వచ్చిన థామస్ రీబీని పెళ్లాడింది. అతడు ఓడల మీద ధాన్యం, బొగ్గు, కలప వ్యాపారం చేస్తుంటే, పిల్లలను పెంచుతూనే ఆమె ఇటు వ్యవహారాలు చూసుకునేది. 1811లో భర్త, మరికొద్ది వారాలకే వ్యాపార భాగస్వామి చనిపోయారు. ఏడుగురు పిల్లలతో, 33 ఏళ్ల వయసులో వ్యాపారమంతా ఆమె చేతికి వచ్చింది.

పట్టుదల ఒక్కటే ఆమెను నిలబెట్టిందని చెప్పడం తేలిక, కానీ అది సగం మాటే. నాటి ఇంగ్లీషు చట్టం ప్రకారం భర్త ఉన్న స్త్రీ ఆస్తిపై అధికారం భర్తది. వితంతువు మాత్రం తన పేరుతోనే ఒప్పందాలు చేసుకోవచ్చు, దావా వేయవచ్చు. వైధవ్యం ఆమెకు దుఃఖంతో పాటు ఆ హక్కునూ ఇచ్చింది. భర్త బతికుండగా నేర్చుకున్న లెక్కల వల్ల దాన్ని వాడుకోగలిగింది. 1812లో జార్జ్ వీధిలో కొత్త గిడ్డంగి తెరిచింది, తరువాత ఓడలు కొన్నది. 1817లో బ్యాంక్ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్ మొదలైంది మెక్వారీ ప్లేస్‌లో ఆమె అద్దెకిచ్చిన ఇంట్లోనే. అయితే అదే ఏడాది, బాకీ ఉన్న ఒక వ్యక్తిపై చేయి చేసుకున్నందుకు న్యాయస్థానం ఆమెను దోషిగా తేల్చింది. ఈ సంగతిని దాచమని నేను చెప్పలేదు. ఆమె పటానికి దండ వేయించడం మా ఉద్దేశం కాదు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచినది 1828 జనాభా లెక్కల పత్రం. ఎలా వచ్చారన్న ప్రశ్నకు ఆమె '1821లో స్వేచ్ఛగా వచ్చాను' అని రాయించింది. 1820లో ఇద్దరు కూతుళ్లతో ఇంగ్లండు వెళ్లి మరుసటి ఏడాది తిరిగి వచ్చిన మాట నిజమే కనుక అది అబద్ధం కాదు. మొదటి రాకను చెప్పలేదు కనుక పూర్తి నిజమూ కాదు. శిక్ష ముగిసినా పూర్వ ఖైదీలను పెద్దలు తమ పంక్తిలో కూర్చోనివ్వని పట్టణంలో, అందులోనూ ఫ్రీ గ్రామర్ స్కూల్ అనే పాఠశాల పాలకుల్లో ఒకరిగా 1825లో నియమితురాలైన మనిషి, అలా ఎందుకు రాయించి ఉంటుంది? పిల్లలు రెండు పేజీల్లో రాయవలసినది ఈ ప్రశ్నకు జవాబే. 1855లో మరణించిన ఆమె బొమ్మను ఆస్ట్రేలియా 1994 నుంచి 20 డాలర్ల నోటు మీద ముద్రిస్తోంది. ఆ విషయంతో వ్యాసం మొదలుపెట్టవద్దని వారికి ముందే చెప్పాం.

మీరు ఇంట్లో జవాబు చెప్పి రాయించకండి. పిల్లలు ఆమెను తప్పుపట్టినా, సమర్థించినా మార్కులకు తేడా ఉండదు. ఏ పత్రాన్ని ఆధారంగా చూపారన్నదే దిద్దేటప్పుడు చూస్తాం. వ్యాసాలు వచ్చే శుక్రవారంలోగా తరగతి ఉపాధ్యాయులకు చేరాలి. చార్టు కాగితాలు బడిలోనే ఇస్తాం, కొనవలసిన పని లేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు